పన్నెండు పాయింట్ రెండు

ఉమ్ అల్ ఖువైన్ క్రీకులో లంగరేసిన పడవ,
కాపలాకి నేనొక్కణ్ణే.
పొద్దున్నే మీటరు చూస్తాను: పన్నెండు పాయింట్ రెండు.
రాత్రి అడుగున చేరిన నీళ్ళు తోడే పంపు
రెండుసార్లు మూలిగింది మరి.

పలకల మీద షమాల్ దుమ్ము, నీటికాకి రెట్ట.
తడిగుడ్డేసి తుడుస్తుంటే
అంకె మెల్లగా కదులుతుంది,
జ్వరం దిగిన పిల్లాడు గంజి అడిగినట్టు.

ఎండ మరీ ముదిరితే పలకలూ సొమ్మసిల్లుతాయి.
ఆంపియర్లు పడిపోతాయి.
"మధ్యాహ్నం విరామం మనుషులకే కదా ఇచ్చారు!"
పక్క పడవలోంచి నవ్వుతాడు దాద్‌బక్ష్,
ఆ ఎండలోనే
చేపల బుట్టకి తీగ అల్లుతూ.

రాత్రి ఫ్యానా, పంపా?
ఫ్యాను ఆపేసి
తడి తువ్వాలు కప్పుకుంటాను.

తెల్లారి ఓనరు నుంచి మెసేజ్:
పన్నెండు పాయింట్ ఐదు!
కొత్త బ్యాటరీ భేష్.