పాల లెక్క

బాన్‌లో ఆఫీసు కుర్చీ తోలుది.
మొదటి రోజు కూర్చుంటూ హిన్నెర్క్ టామ్సెన్
అలవాటుగా ఆ తోలును నిమిరాడు,
ఎన్ని ఈతల ఆవుదో అని.

సముద్రపు కట్ట కింద
ఉప్పుగాలికి పెదాలు పగిలిన రైతు.
మంత్రయ్యాక కూడా నాలుగింటికే లేచేవాడు.
పితకడానికి పొదుగు లేక
ఫైళ్ళు తిరగేసేవాడు.

బ్రస్సెల్స్‌లో మూడు రాత్రుళ్ళు తెల్లారాయి.
వెన్న గుట్టలయింది, పాలు తగ్గించమన్నారు.
సంతకం పెట్టాడు.
చెయ్యి వణకలేదు. అదే తర్వాత బాధించింది.

ఆ శీతకాలం పక్కపొలం వీబ్కె
పదకొండు ఆవుల్నీ లారీ ఎక్కించింది.
ఉత్తరం రాయలేదు.
పాలక్యాను మూత ఒకటి పార్శిల్లో పంపింది.

పదవి పోయి ఇంటికొచ్చాక
దాన్ని కొట్టం గోడకు మేకుకి తగిలించాడు.
గాలి వీస్తే మోగుతుంది.
ఆవులు తలెత్తుతాయి.
ఆయన ఎత్తడు.