గుమ్మం ఇటు

పేరేచర్ల దాటాక తారు రోడ్డు ఆగిపోతుంది,
లేఅవుట్ మొదలవుతుంది.
రాళ్ల మీద ఎర్రరంగు నంబర్లు,
వాటి చుట్టూ సర్కారు తుమ్మ.
నా చేతిలో ఫోను,
జేబులో మూడు వార్డుల జాబితా.

పునాది లేచిందా, లేదా,
నా ఉద్యోగమంతా ఈ ఒక్క ప్రశ్న.
ఫొటోలో లబ్ధిదారు నిలబడాలి,
మొహం కనపడాలి.
పదడుగులు పక్కకి జరిగితే
ఉపగ్రహం ఒప్పుకోదు.
అది ఒప్పుకుంటేనే బిల్లు.

రెండువందల పదహారు ఖాళీ.
పేరు కొట్టేశారు.
ఒకే మీటరు మీద మూడు కాపురాలుండి
కరెంటు ఎక్కువ కాల్చారట.

రెండువందల పదిహేడు.
దూదేకుల సైదాబీ.
మిర్చి యార్డులో ముచ్చికలు తీసే పని.
ఆటో దిగి కొంగు దులిపింది,
నాకు తుమ్మొచ్చింది.

ఎండలో మోకాలెత్తు బేస్‌మెంటు.
మధ్యలో నింపిన మట్టి. గోడల్లేవు.
టైమైపోతోందని అడ్డంగా ఎక్కాను.

"ఓ సారూ, గోడలోంచి వస్తావేంది?
గుమ్మం ఇటు!"

దిగాను. చుట్టూ తిరిగాను.
రెండు ఇటుకలు పెట్టి
మధ్యలో మనిషి పట్టేంత జాగా వదిలింది.
తనే ముందు వంగి లోపలికెళ్లింది.
ఇప్పుడుంటున్న రేకుల గదికి వాకిలి పొట్టిదట,
పన్నెండేళ్ల అలవాటు,
ఆకాశం కింద కూడా మెడ వంగింది.

"ఇది వంటిల్లు. కిటికీ ఈ పక్క.
పొయ్యి అక్కడ గాదు, ఇక్కడ.
మా మీరావలి పండుకునేది ఇదిగో,
కాళ్లు చాపితే గోడకి తగుల్తయ్యి,
ఏం జేస్తాం, సెంటులో ఇంకేముంటది."
అంటూ ఆ గోడకే చెయ్యి ఆనించి నిలబడింది.
పడలేదు.

ఇసుక ఎప్పుడిస్తారంది.
సిమెంటు బస్తా గడ్డకట్టిందంది.
మొదటి బిల్లు పడకముందే
చెవుల కమ్మలు మేస్త్రీ దగ్గరికెళ్లాయంది.
ప్రతిదానికీ "పైకి రాశాం" అన్నాను.
పైన ఎవరుంటారో నాకూ తెలీదు.
నేనూ అద్దెకే, బ్రాడీపేటలో, మూడో అంతస్తు.

ఫొటో తీశాను.
మట్టి, మనిషి, కాస్త మబ్బు.
దాని కింద గడులు.
దశ: పునాది.
నివాసం ఉంటున్నారా?
'లేదు' దాకా వెళ్లిన వేలు
అక్కడే ఆగింది.
ఈలోగా సిగ్నల్ పోయింది.

వస్తానమ్మా అని
బూట్ల కోసం చూసుకున్నాను.
ఎప్పుడు విప్పానో,
ఆ రెండిటుకల అవతల
సైదాబీ చెప్పుల పక్కన
ఎండలో మాడుతున్నాయి.