కొండ కదలదు

గవర్నర్‌పేటలో మేడ మీది కొట్టు.
మెట్లెక్కేసరికే జాకెట్టు తడిసింది.
నాగుల్ మీరా ఆకుపచ్చ గుడ్డ పరిచి
మూడు లెన్సులు పెట్టాడు,
దోసకాయలమ్మే మనిషిలా
మచ్చ ఉన్న వైపు ముందు తిప్పి.

మొదటిది తెల్లది.
డెబ్భై నుంచి రెండు వందలు, రెండు పాయింట్ ఎనిమిది.
చేతిలోకి తీసుకుంటే
పాలు తాగి నిద్రపోయిన పిల్లాడి బరువు.
"ఇది పెళ్లిళ్లది మేడం.
మండపంలో లైటు చాలనప్పుడు,
తలంబ్రాలు గాల్లో ఆగాలనుకున్నప్పుడు.
మీ కొండ కదలదు కదా.
స్టాండు మీద పెట్టి
ఎనిమిదికో పదకొండుకో మూసుకుంటారు.
తెరవని కిటికీకి లక్ష రూపాయలెందుకు?"

వ్యాపారి నోట ఆ మాట విని
కాస్త అనుమానపడ్డాను.

నా దగ్గరున్న వెడల్పు లెన్సు మంచిదే.
జనాభా లెక్కలవాడిలా ఎవర్నీ వదలదు.
బ్యారేజీ, నది, మబ్బు, కరెంటు తీగ,
పక్కన పల్లీలమ్మే అతని మోచెయ్యి కూడా.
ఏం చూసి ఆగావని అడిగితే మాత్రం
నోరు విప్పదు.

రెండోది నల్లది. వంద నుంచి నాలుగు వందలు.
గొట్టం సాగదీస్తే
కుక్కరు కూతకి ముందు వచ్చే నిట్టూర్పు.
బాల్కనీలోకి తీసుకెళ్లి
స్టేషను అవతలి కొండ మీదికి తిప్పాను.
ఇళ్లన్నీ ఒకదాని వీపు మీద ఒకటి ఎక్కి కూర్చున్నాయి.
మధ్యలో సందుల్లేవు.
బిందె చంకనెత్తుకుని ఎక్కే ఆ మెట్లన్నిటినీ
ఒక్క మలుపులో మింగేసింది.
నీలం ట్యాంకు, పసుపు గోడ, ఆరేసిన లుంగీ
పేకముక్కల్లా అంటుకుపోయి.
అందంగా ఉంది.
అందుకే కన్ను తీశాను.

బస్టాండు ఎంక్వైరీలో
పందొమ్మిదేళ్లుగా కూర్చున్నదాన్ని.
మాచర్ల ఎంత దూరమమ్మా అంటే
కిలోమీటర్లు చెబితే ఎవరూ కదలరు.
ఎన్నింటికి దిగుతాం,
బస్సు ఎక్కడ ఆపుతారు,
పిల్లకి నీళ్లెక్కడ దొరుకుతాయి,
అదీ దూరమంటే.

నాగుల్ మీరా టీ తెప్పించాడు.
"ఇంకోటి కూడా చెప్పాలి.
మన ఊరి ఎండలో తొమ్మిది దాటాక
నాలుగు వందల దగ్గర తీశారనుకోండి,
పడేది కొండ కాదు మేడం,
మీకూ కొండకీ మధ్యనున్న గాలి."
తీసిన బొమ్మ పెద్దది చేసి చూశాను.
ట్యాంకు అంచు, కాలిన పెనం పైన చూసినట్టు
వణుకుతూ ఉంది.

ఇక మూడోది.
డెబ్భై నుంచి మూడు వందలు.
తెనాలిలో మూసేసిన స్టూడియోదట.
రబ్బరు పట్టీ మార్చాడు, రంగు కలవలేదు.
లైటుకి ఎదురుగా పెడితే లోపల
వెంట్రుకంత బూజు.
"కాలవల ఊరు కదా, తేమ" అన్నాడు,
తన తప్పేదో ఒప్పుకున్నట్టు.
పదకొండు వేలు.
పదికి అడిగాను.
పదిన్నరకి తెగింది. మూత వేరేగా ఎనభై.

ఆదివారం అయిదింటికి
సీతానగరం వైపు ఒడ్డున స్టాండు నిలబెట్టాను.
గేట్ల వరస మీద ఇంకా దీపాలు.
మూడు వందల దగ్గర మూలలు మెత్తబడ్డాయి,
నానిన అట్టపెట్టెలా.
రెండు వందలకి వచ్చాను.
నూట ముప్ఫై అయిదు దగ్గర
రెండు గేట్లు, ఒక నాటు పడవ,
అందులో వల విదిలిస్తున్న ఆడమనిషి,
వెనక పలచగా కొండ.
మధ్యలో నీళ్లు. నీళ్లుండాలి.
ఆ నీళ్లు ఆమె దాటుకుని వెళ్లినవి.

ఇంకొంచెం దగ్గర కావాలనిపించింది.
రింగు తిప్పబోయి, మానేసి,
నేనే నాలుగు మెట్లు దిగాను.

ఎనిమిదింటికి డ్యూటీ.
తడి చెప్పులు కౌంటరు కింద విప్పి పెట్టి
మైకు దగ్గరికి లాక్కున్నాను.
అద్దం అవతల ఎవరో
రేపల్లె బస్సు ఎక్కడ ఆగుతుందని అడుగుతున్నారు.