4117 దేనికోసం ఆగింది

హల్ రేవులో, ఆల్బర్ట్ డాక్ పక్క ఆఫీసులో
ఆటుపోట్లు రాసుకునే ప్రోగ్రామ్ ఒకటి
రాత్రి రెండూ నలభైకి బిగుసుకుపోయింది.
పేరు పెద్దదే. కెర్నెల్ పదిహేను అక్షరాల దగ్గర కత్తిరించేసింది.
నంబరు మిగిలింది: 4117.

చంపి చూశాను. చావలేదు.
కొన్ని నిద్రలు అంతే,
రావలసింది చేతికొచ్చేదాకా
ఎవరు తట్టినా కన్ను తెరవవు.

సరే, లోపలికి దిగాను.
కెర్నెల్‌లో నుంచుంటే అందరి పెరళ్లూ కనిపిస్తాయి.
గొలుసు పట్టుకుని ఒక ప్రాసెస్ మీంచి ఇంకోదానికి నడిచి
కన్నదెవరు, తెరిచి వదిలిన ఫైళ్లెన్ని,
ఏ గుమ్మంలో కూలబడింది, అన్నీ చదవొచ్చు.
దాని అడ్రసులే నాకు పనికిరావు.
అదే డోర్ నంబరు నా ఇంటిక్కూడా ఉంది,
తలుపు తీస్తే నా వంటగదే వస్తుంది.
దాని పేజీల పట్టిక పట్టుకుని సందు సందూ తిరిగి
దాని గదిని దాని లెక్కలోనే వెతుక్కోవాలి.

దొరికింది.
అయిదేసి నిమిషాల నీళ్లు, వరసగా:
5.81
5.86
5.90
ఆ కింద, సగమే రాసిన ఒక అంకె.

లీడ్స్‌లో చదివేటప్పుడు కెమి డైరీ ఒకసారి తెరిచాను.
రెండు పేజీలు. తను అటు తిరిగి పడుకునుంది.
ఇప్పుడు నాకు రూట్ పర్మిషన్ ఉంది, జీతమూ ఇస్తున్నారు,
అయినా ఒకసారి వెనక్కి తిరిగి చూశాను.
కిటికీ అవతల హంబర్, బురద రంగులో,
మెట్టు తర్వాత మెట్టు మింగుతోంది. అది ఆగలేదు.

ఇంతకీ ఏ తాళం కోసం ఇది?
తాళం కనిపించింది.
పట్టుకున్నవాళ్ల గడిలో ఉన్న పేరు
నాలుగుసార్లు చదివాను.
మంగళవారం మధ్యాహ్నం నేను రాసిన ప్రోగ్రామే.
పక్కవాళ్ల మెమరీ తొంగిచూసి రావడం దాని పని.
మధ్యలో ఏదైనా తేడా వస్తే వెంటనే వచ్చెయ్యమన్నాను,
తాళం ఇచ్చి రమ్మనలేదు.
ఒక్క లైను.
బిడ్డ చంకలోనే ఉంది, నేను సంతంతా తిరిగాను.

ఇక మెషీన్ ఆపి మళ్లీ లేపడమే.
ఆపే ముందు టార్చి తీసుకుని చలిలోకి వెళ్లాను.
గోడమీది కొలత గీతల దగ్గర 6.12,
చిప్స్ కొన్న రశీదు వెనక రాసుకున్నాను.
అప్పటికే నీళ్లు దిగుతున్నాయి.
తడి చార మాత్రం ఇంకో రెండు గీతల పైన ఉంది.
ఎప్పుడు అంతెత్తు ఎక్కిందో
ఎవరూ రాసుకోలేదు.

ఏడింటికి మోరీన్ వచ్చింది, గొడుగు దులుపుతూ.
రికార్డులో మూడు గంటల ఖాళీ,
దాని నడుమ పెన్సిల్‌తో ఒకే అంకె.
“దేనికోసం ఆగిందట?”
“నాకోసం.”
ఆమె రశీదు అటూ ఇటూ తిప్పి చూసి
పిన్నుతో పుస్తకానికి గుచ్చి
కెటిల్ పెట్టడానికి వెళ్లింది.