అతుకు

మూడు గంటల పని అన్నారు.
ఏడోది దాటాక డాక్టర్ ఇసాకోవా బయటికొచ్చి
మాస్కు గడ్డం కిందికి లాక్కుంది.
"మీ అమ్మకి చిన్న వయసులో క్షయ వచ్చిందా?"

లేదన్నాను.
ఫారంలోనూ లేదనే రాశాను,
అమ్మ చెబుతుంటే, నా చేత్తోనే.
స్కాన్‌లో మచ్చకి న్యుమోనియా అని పేరు పెట్టింది కూడా తనే.

"వచ్చింది," అందామె. ఈసారి అడగడం కాదు.
ఊపిరితిత్తి చేతికి జారి రావాలట.
ఇది పక్కటెముకల్ని కరుచుకుని ఉంది,
జాతర పులావు మాడి డేగిశా అడుగుకి అంటుకున్నట్టు.
గోరంత గోరంత విడదీశారు.
విడదీసిన ప్రతిచోటా నెత్తురు.
శనగగింజంత గడ్డ కోసం
నాలుగు సంచుల అరువు రక్తం.

బిష్కెక్ ఆస్పత్రి వరండాలో హీటరు పక్కన
నిలబడి వెనక్కి లెక్కపెట్టాను.

పందొమ్మిదో ఏట అమ్మ చక్కెర ఫ్యాక్టరీలో పనిచేసింది,
పద్నాలుగు నెలలు, బీటుగడ్డల బళ్ళు దించుతూ.
మా ఇంటి చరిత్ర ఇదే.
ఆ ఫ్యాక్టరీ గేటు ఏ రంగని చిన్నప్పుడడిగితే
పాలు పొంగుతున్నాయంటూ లేచిపోయింది.
పొయ్యి వెలిగించలేదు ఆ పూట.

ఇంకోటి. ఎండాకాలం ఎవరింట్లోనైనా
పులిసిన గుర్రపుపాల గిన్నె తెస్తే
అమ్మ వాకిట్లోకి నడిచేది.
కడుపులో తిప్పుతుందనేది.
కొండమీది శానిటోరియంలో
రోజుకి ఎనిమిది గ్లాసులు తాగించేవాళ్ళట,
నర్సు బెర్మెత్ తన పెద్దమ్మ సంగతేదో చెబుతూ
మాటల్లో అనేసింది.

తెలిస్తే ఎవరు చేసుకుంటారు ఆ రోజుల్లో?
నాన్న చేసుకునేవాడు కాదు.
నేను ఉండేదాన్ని కాదు.

ఇవాళ పదకొండో రోజు.
ఎముకల సందులోంచి గొట్టం, మంచం కింద సీసా.
అమ్మ దగ్గితే నీళ్ళలో బుడగలు.
నాలుగైదు రోజుల్లో ఆగాల్సినవి.
ఒకసారి జబ్బుపడ్డ ఊపిరికి
చిల్లు పూడటం ఆలస్యమట.
గడ్డ మంచిదో చెడ్డదో కాగితం ఇంకా రాలేదు.

ఫారం దిద్దమని పెన్ను ఇచ్చారు.
జేబులోనే ఉంది.

నిన్న రాత్రి కళ్ళు తెరవకుండానే
"గేటు ఆకుపచ్చది," అంది అమ్మ.

ఏ గేటని అడగలేదు.
దుప్పటి సర్దే నెపంతో వంగి
సీసాకేసి చూశాను.
రెండు బుడగలు.
చాలాసేపాగి, ఇంకొకటి.