రాక ఉద్దేశం

డాబాగార్డెన్స్‌లో తవిటినాయుడి జిరాక్సు కొట్టు.
"పాస్‌పోర్టు ఎన్ని కాపీలమ్మా?"
ఆరు, అన్నాను.
ఒకటి బ్యాగులో, ఒకటి ఒంటి మీద,
ఒకటి చెల్లెలింట్లో బియ్యం డబ్బాలో.
మిగతావి ఎక్కడ పెట్టుకోవాలో సూచనల్లో లేదు.
"ఆర్నెల్లు గడువుండాలి మరి" అన్నాడు,
ఊళ్ళో వీసాలన్నీ తానే ఇస్తున్నట్టు.
ఉంది. నా పాస్‌పోర్టుకి ఇంకా ఏడేళ్ళ ఆయుష్షుంది.
నాకెంతుందో ఏ గడిలోనూ అడగలేదు.

నేను కాళ్ళు చేస్తాను.
కేజీహెచ్‌లో మెట్ల కింద గదిలో, పందొమ్మిదేళ్ళుగా.
రైలు కింద పడ్డవాళ్ళకి,
షుగరొచ్చి పుండు మానని వాళ్ళకి,
అరకు ఘాటీలో లారీ తిరగబడిన ఓ గుంటడికి.
అక్కడ కాళ్ళు చాలడం లేదని ఉత్తరం వచ్చింది.
ఆహ్వానం అసలు ప్రతే ఉండాలి, సంతకం నీలి సిరాలో.
అచ్చం శుభలేఖ. మూలల్లో పసుపొక్కటే తక్కువ.

బీమా ఆఫీసులో ఉమాపతిగారు కళ్ళజోడు తుడుచుకుని
పద్నాలుగో పేజీ చదివి వినిపించారు:
యుద్ధం, యుద్ధంలాంటి చర్య, తిరుగుబాటు,
వీటికి వర్తించదు.
యుద్ధంలాంటిదంటే ఏంటండీ?
"మీరు జారిపడితే ఇస్తారమ్మా.
ఎందుకు జారారో మాత్రం రాయకండి."

విమానం ఆ దేశం మీదికి పోదు.
పక్క దేశంలో దిగి, రాత్రి రైలెక్కాలి.
కిటికీ అద్దాలకి అడ్డంగా టేపు అంటించి ఉంటుందట.
హుద్‌హుద్‌కి మేమూ అంటించాం.
తెల్లారేసరికి టేపుంది, కిటికీ లేదు.

నీళ్ళు నింపుకోండి, టార్చి, మందులు, చిల్లర నోట్లు,
ఫోనుకి పై బ్యాటరీ, మ్యాపు ముందే దింపుకోండి.
ఇవన్నీ ఈ ఊరివాళ్ళకి ఒకరు చెప్పాలా?
కాకపోతే తుఫానుకి ఒక పేరుంటుంది,
అది వచ్చే దారి టీవీలో ఎర్రగీత గీసి చూపిస్తారు.

వంతెనలు, స్టేషన్లు, సైనికులు: ఫొటో తీయరాదు.
ఆర్కే బీచిలో సబ్‌మెరీను ముందు నిలబడి
మొక్కజొన్న పొత్తు కొరుకుతూ ఫొటోలు దిగే ఊరు మాది.
యుద్ధం అయిపోయాక ఇనుముకి టికెట్టు పెడతారు.

సైరను మోగితే నేలమాళిగకి. లిఫ్టు వాడరాదు.
నలభైరెండులో జపానువాడి బాంబు పడ్డరోజు
మా అమ్మమ్మ చంకలో పిల్లతో, చేతిలో ఇత్తడి చెంబుతో
సింహాచలం కొండకేసి నడిచిందట.
సగం దారిలో గుర్తొచ్చిందట, పొయ్యి మీద అన్నం.
ఎన్నిసార్లు చెప్పినా ఆ కథలో
బాంబు చిన్నది,
మాడిన అన్నం పెద్దది.

రక్తం గ్రూపు బట్టల మీద రాసుకోమన్నారు.
చాకలి గుర్తు పెట్టే సిరాతో
ప్రతి జాకెట్టు మెడ లోపలా రాశాను: బి పాజిటివ్.
ఉతికి చూశాను. పోలేదు.

నేర్చుకోవలసిన మాటలు: నీళ్ళు, డాక్టరు, సహాయం.
నేను వేరేవి రాయించుకున్నాను.
ఇక్కడ నొక్కితే నొప్పా?
బరువు దీని మీద వెయ్యి.
పడవు, నేను పట్టుకున్నాను.

ఇరవైమూడు కేజీలే.
రెండు చీరలు తీసేశాను, దుప్పటీ తీసేశాను.
కస్టమ్స్ కాగితంలో, వస్తువు: పాదాలు.
సంఖ్య: ముప్ఫై ఒకటి.
ఎడమవి పద్దెనిమిది, కుడివి పదమూడు.
"జతలు కావేంటే?" అంది చెల్లెలు.
రెండోది వాళ్ళ దగ్గరే ఉంది కదా అన్నాను.
జాబితా పది రోజుల కిందటిది.

తిరుగు ప్రయాణానికి రుజువు జతపరచాలి.
రాక ఉద్దేశం: పర్యటన, వ్యాపారం, చదువు, ఇతరములు.
ఇతరముల పక్కన జానెడు కూడా లేని గీత.
కొలతలు తీసుకోవడానికి, అని రాశాను.

కాపీలు కవర్లో పెట్టి
"నాలుగు రూపాయలు చిల్లర లేదమ్మా,
వచ్చేక పట్టుకెల్దువులే" అన్నాడు తవిటినాయుడు.
రూపాయి కూడా వదలని దాన్ని,
సరే అన్నాను.