పదకొండో క్లిక్కు

కారు ఖరీదు డెబ్బై వేలు.
దాని కాళ్ల ఖరీదు ఎనభై రెండు.
లెక్క చెప్తె మా చిట్టీల సత్తెమ్మ
పాట ఆపి నా మొఖం చూసింది.

తొంభై ఎనిమిది మోడల్ ఎస్టీమ్.
దేవరకొండ రోడ్డు మీద గుంతొస్తె
ముందుగాల అది మూలుగుతది, తర్వాత నేను.
వెనక డంపర్లు ఎప్పుడో నూనె కక్కినయి.
బ్రేకేసి ఆపినంక గూడ మూడు సార్లు తలూపుతది
పంచాయితీల పెద్దమనిషి లెక్క.

మూడు వారాలు, అన్నం చల్లారిందాక చదివిన.
కోయంబత్తూరుది గట్టిదే గాని
రెండేండ్లకు సీలు చెమట పడ్తదంట.
జపాన్‌ది సెకండ్ హ్యాండు,
ఏ కారు చస్తె మిగిలిందో తెల్వదు.
తైవాన్‌ది కొత్తది. ఎత్తుకు రింగు, గట్టిదనానికి మర,
మరకు ముప్పై రెండు క్లిక్కులు.
నా పానమంత ఆ ముప్పై రెండు మీదనే.
జీతంల లేని ఎచ్చుతగ్గులు
కారులనన్న ఉండనీ అనుకున్న.

గడియారం సెంటర్ వెనక సందుల
ఖాదర్ మొహియుద్దీన్ షెడ్డు.
ఆయన వంగి బండి కింద చూడడు.
పుట్టింది మర్రిగూడ దిక్కు,
తాగిన బోరు నీళ్లు మోకాళ్లల్ల ముడిపడ్డయి.
పిలగాడు జాకీ ఎత్తుతడు,
ఈయన స్టూలు మీద కూసొని
చెవులతోని చూస్తడు.

"ఎంత దించాలె?"
రెండు అంగుళాలు, అన్న.
"ఒకటి దించితె అందం.
రెండు దించితె నాంపల్లి దాక పోవు,
ఆయిల్ చాంబరు నడుమలనే అప్పజెప్పి వస్తవు."
చాయ్ చెప్పిండు. చాయ్ వచ్చినంక మల్ల అడిగిండు,
"బండ్ల కూసునేది ఎవరు?"

గిదేం సవాలు?
స్టీరింగు పట్టేది నేను, కిస్తులు కట్టేది నేను.
గప్పుడు పక్క సీటు యాదికొచ్చింది.
వారానికి రెండుసార్లు మా అందాలక్క,
అంగన్‌వాడీ గుడ్ల ట్రే ఒళ్లె పెట్టుకొని.
నడుము వంగదు, మెడ తిరగదు.
గుంత కానొస్తె చాలు
పచ్చ చారలు తేలిన పండ్లు గట్టిగ కరుచుకుంటది.
ఏనాడూ అమ్మో అనలే.
గుడ్లు పగిలితె మాత్రం లెక్క చెప్తది.

తైవాన్‌దే ఏయించిన.
ఎత్తు ముట్టలే. పాత ఎత్తుకే
కొంకి పానాతోని రింగు బిగించిండు.

ఆయితారం. గుర్రంపోడు దాటినంక
తారు పోయి కంకర తేలిన అర కిలోమీటరు.
అక్క సీట్ల, అక్క ఒళ్లె ముప్పై గుడ్లు.
ముప్పై రెండో క్లిక్కు:
రాయి రాయిని పేరు పెట్టి పిలిచింది కారు.
"తగ్గియ్యి."
ఇరవై: "ట్రాక్టరు నయం."
అయిదు: కారు పడవైంది, అక్కకు కడుపుల తిప్పింది.
దిగుడు, బానెట్ ఎత్తుడు, డిక్కీ తెరుసుడు,
నాలుగు మూలల మునివేళ్లతోని తిప్పుడు, మల్ల ఎక్కుడు.
కిలోమీటరు రాయి మీద కూసున్న మేకల పిలగాడు
బండి ఖరాబైందా అని రెండుసార్లు అడిగిండు.

పదకొండు.
అక్క ఏమనలే.
కంకర ఒడిసింది, తారొచ్చింది, ఇంకా ఏమనలే.
తిరిగి చూసిన. కండ్లు మూసుకున్నది.
పండ్లు కరుచుకోలే,
నోరు కొంచెం తెరిచి ఉన్నది.
నిద్ర.

లేచినంక ట్రే చూసుకున్నది. నాలుగు పగిలినయి.
"గివి ముప్పై రెండో దాని కింద రాసుకో" అన్నది.

ఇప్పుడు మలుపుల బండి జర ఒరుగుతది.
హైవే మీద ఎనభై దాటితె నాకు నచ్చదు.
పైన ఇరవై ఒక్క క్లిక్కులు
పైసలు పెట్టి కొన్నయి, ఊకెనే పడున్నయి.
ఖాదర్ భాయ్‌కి చెప్పుకున్న.
ఆయన మోకాలి చిప్ప మీద చెయ్యి పెట్టి
మర తిప్పినట్టు మెల్లగ తిప్పి,
"ఉంటె ఉండనీ" అన్నడు,
"నాకొకటి ఇడిసి ఇయ్యి."